ఒక పక్కటెముక ఎక్కువ

ఆ ఆగస్టులో మా స్కానింగ్ గదికి రెండు వేళలు ఉండేవి. పొద్దుట బతికున్నవాళ్లకు. మధ్యాహ్నం రెండు దాటాక పోయినవాళ్లకు.

మవ్రోలిథి కొండ మూడు రోజులు తగలబడింది. నాలుగో రోజు కాల్చడానికి ఇక ఏమీ మిగలక మంట తనంతట తానే చల్లారింది. ఊళ్లో తొంభై గడపలుంటే పదకొండు మంది జాడ తెలియలేదు. కొండ మీద నుంచి దింపిన సంచులు తొమ్మిది. ఏ సంచిలో ఎవరున్నారో చెప్పడానికి రాజధాని నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు కల్లిరోయి. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, నెమ్మదైన మాట. వచ్చీ రాగానే శవాల గదికి కాకుండా నా గదికి వచ్చింది.

"ఈ యంత్రం నడిపేది నువ్వేనా?"

"నేనూ, ఇంకొకతనూ. అతను సెలవులో ఉన్నాడు డాక్టరుగారూ. భార్యకి పురుడు."

"అయితే నువ్వే. పేరు?"

"ఆసిమినా."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "చూడు ఆసిమినా. నిప్పు మొహాన్ని తీసేస్తుంది, వేలిముద్రల్ని తీసేస్తుంది. లోపలున్నదాన్ని మాత్రం అంత తొందరగా ముట్టుకోలేదు. పళ్ల వేళ్లు, నుదుటి ఎముకలో గాలి గదులు, ఎప్పుడో విరిగి అతికిన చోటు, డాక్టరు బిగించిన మేకు. ఇవి ఏ ఇద్దరికీ ఒక్కలా ఉండవు. సంచి విప్పితే కొన్ని చేతిలోనే పొడైపోతాయి. అందుకని విప్పకుండా ముందు నీ యంత్రంలోకి. తర్వాతే నా బల్ల మీదికి."

"డీఎన్‌ఏ పరీక్ష?"

"అంత కాలిన ఎముక నుంచి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. వచ్చినా రెండు నెలలు. వీళ్ల ఇళ్లవాళ్లు బతికున్నప్పటి ఎక్స్‌రేలు తెచ్చిస్తే వారంలో చెప్పగలను. ఏ పాతదైనా సరే."

అప్పుడు చెప్పాను, ఆ పదకొండు పేర్లలో ఒకటి నా మరిదిదని.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "తప్పుకుంటావా?"

"తప్పుకుంటే ఎవరు నడుపుతారు?"

"ఎవరూ లేరు."

"అయితే నడుపుతాను."

"సరే, విను. నువ్వు బొత్తాం నొక్కుతావు. పోల్చి చూసేది నేను. నీకేమన్నా అనిపిస్తే నాకు చెప్పొద్దు. ఇంట్లో అసలే చెప్పొద్దు. నీకు అనిపించింది తప్పయితే ఇంకొకరి కొడుకుని మీరు పూడ్చిపెట్టుకుంటారు."

నా మరిది పేరు మాంథోస్. నలభై మూడేళ్లు, పెళ్లి కాలేదు. మవ్రోలిథిలో తల్లితో ఉండేవాడు. నలభై మేకలు, రెండు గదుల రాతి ఇల్లు. ఆ వారం మోకాలికి ఇంజెక్షన్ చేయించుకోవడానికని మా అత్త ఎవాంథియా పట్నంలో మా ఇంటికి దిగి వచ్చింది. అందుకే బతికింది.

ఇరవై రెండేళ్ల కిందట, నేను ఆస్పత్రిలో చేరిన కొత్తలో, ఎడమ చేయి తిమ్మిరెక్కుతోందంటే సైన్యం వాళ్లు మాంథోస్‌ను నా దగ్గరికి ఎక్స్‌రేకి పంపారు. ఫిల్ము కడిగి చూస్తే మెడ పక్కన, ఎడమ వైపు, ఒక పక్కటెముక అదనంగా ఉంది. పొట్టిది, కొంచెం పైకి వంగి ఉంది. "నీకో ఎముక ఎక్కువుంది" అన్నాను. "అయితే దాంతో నాకో పెళ్లాన్ని చేసిపెట్టండి, ఆదాముకి చేసినట్టు" అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అతని అన్న నవ్వాడు. ఆ అన్న స్తెర్గియోస్‌నే నేను చేసుకున్నాను. "ఎముక నాది, పెళ్లాం వాడికి" అని మాంథోస్ ప్రతి ఈస్టరుకీ అనేవాడు. ఇరవై రెండు ఈస్టర్లు అన్నాడు, ప్రతిసారీ కొత్తగా అన్నట్టే నవ్వాడు.

నేను సాయంత్రం ఇల్లు చేరేసరికి స్తెర్గియోస్ వంటింట్లో నిలబడే రొట్టె తింటున్నాడు. రాజధానిలో కాలిన రోగులున్న మూడు ఆస్పత్రులు తిరిగి వచ్చాడు. వడ్రంగం కొట్టు మూసి నాలుగు రోజులైంది. చొక్కా జేబులో తమ్ముడి ఫోటో.

"స్పృహ లేనివాళ్లు ఇద్దరున్నారు. వాడు కాదు" అన్నాడు. "రేపు ఇంకో ఆస్పత్రికి పోతాను. నాకు అర్థం కానిది ఒక్కటే ఆసిమినా. పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. ఫోనులో నాతో మాట్లాడాడు. బండి తాళం చేతిలో ఉంది, దిగుతున్నా అన్నయ్యా అన్నాడు. దిగేవాడు దిగకుండా ఎక్కడికి పోతాడు?"

అత్త బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. ఇంట్లో ముగ్గురమే, బల్ల మీద నాలుగు కంచాలు పెట్టి ఉన్నాయి.

"అమ్మా, మీ సంచిలో పాత ఎక్స్‌రేలు ఉన్నాయి కదా" అన్నాను. మోకాలి డాక్టరు అడుగుతాడని ఆమె ఊరి నుంచి ఎప్పుడు వచ్చినా ఇంటిల్లిపాది ఎక్స్‌రేలూ ఒక పెద్ద కవరులో వేసుకుని వచ్చేది. మాంథోస్ సైన్యం నాటి ఫిల్ము కూడా అందులోనే ఉంటుంది. ఆస్పత్రిలో పాత ఫిల్ములన్నీ ఒకసారి నేలమాళిగలోకి నీళ్లొచ్చి పాడైపోయాయి. ప్రపంచంలో ఆ ఎముకకు ఆధారం ఆ ఒక్క కవరే.

"నా మోకాలివి ఉన్నాయి" అంది అత్త.

"మాంథోస్‌ది?"

"వాడిది ఎందుకు?"

"డాక్టరమ్మ అందర్నీ అడుగుతోంది."

"అందరి పిల్లలూ పోయుంటే అందరూ ఇస్తారు. నా బిడ్డ పోలేదు. వాడు ఎటో దిగాడు, ఎవరో ఎక్కించుకున్నారు, ఫోను కాలిపోయింది." ఆమె ఇంకో కాయ తుంచింది. "నేను ఆ కాగితం నీ చేతిలో పెట్టానంటే, చంపుకోండి అని రాసిచ్చినట్టే."

స్తెర్గియోస్ రొట్టె నములుతూ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వదిలెయ్ అని.

మర్నాటి నుంచి ఊరివాళ్లు రావడం మొదలైంది. నేలమాళిగలో ఒక బల్ల వేసి, ఉదయం పని ముగిశాక, శవాలు రాకముందు ఒక గంట నన్ను అక్కడ కూర్చోబెట్టారు. ఏ ఇంట్లో చూసినా ఎక్స్‌రేలు పారేయరు కదా, మంచంలో పరుపుకీ పలకకీ మధ్య పెట్టుకుంటారు. మవ్రోలిథిలో మంచాలే మిగల్లేదు. బంధువుల ఇళ్లలోనో, పళ్ల డాక్టర్ల దగ్గరో, కార్ల డిక్కీల్లోనో వెతికి తెచ్చారు. ఒకామె అత్తదని తెచ్చిన దవడ ఎక్స్‌రే మీద తన పేరే ఉంది. చూసి, "అవును, ఇది నాదే. నేను బతికే ఉన్నాను" అంది, ఏదో తప్పు చేసినట్టు.

ప్రొకోపిస్ అనే ముసలాయన ఒక గోధుమరంగు కవరును రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. ఎనభై ఏళ్లుంటాయి. కనుబొమలు కాలిపోయి మొహం పసివాడి మొహంలా ఉంది.

"నా భార్య జంబేతా" అన్నాడు. "తుంటి. మంచు మీద జారిపడితే మేకు వేశారు. ఇది కూతురింట్లో ఉండబట్టి దక్కింది."

నేను ఫిల్మును వెలుతురుకు పెట్టాను. తుంటిలో పొడుగాటి మేకు, కింద రెండు మరలు. "ఇది చాలు బాబాయ్. మేకు కాలదు. ఉంటే తప్పకుండా తెలుస్తుంది."

"ఉంటే అంటే?"

"ఆ తొమ్మిదిలో ఉంటే."

"ఎక్కడికి పోతుంది? నడవలేదుగా. నేను పక్కింటివాళ్ల బండి కోసం పోయి వచ్చేసరికి మా వీధిలోకి పోలీసులు నన్ను పోనివ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లాను. కదలకు, ఇప్పుడే వస్తా అన్నాను." ఆయన కవరు అంచును వేలితో నిమురుతున్నాడు. "నా మాట ఎప్పుడూ వినేది కాదు. ఆ రోజు విన్నట్టుంది."

నంబరు రాసిన చీటీ ఇచ్చాను. ఆయన దాన్ని టోపీలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. బల్లకు ఎదురుగా బెంచీ మీద కూర్చుని, నేను తల అడ్డంగా ఊపగానే లేచి వెళ్లిపోయేవాడు.

మేరీమాత పండగ మరునాడు ఏడో నంబరు సంచిని తెచ్చారు.

మధ్యాహ్నం మూడున్నర. కిటికీ తెరలు దించి ఉన్నాయి, బయట కీచురాళ్లు. ఇద్దరు మనుషులు సంచిని బల్ల మీద పెట్టి వెళ్లారు. చాలా తేలిగ్గా ఎత్తారు. నేను అద్దం వెనక్కి వచ్చి నంబరు కొట్టాను. ఏడు. పురుషుడో స్త్రీయో తెలియదు. దొరికిన చోటు మా కాగితంలో రాయరు. బల్ల లోపలికి జరిగింది.

తల నుంచి మొదలుపెట్టాను. పుర్రె, దవడ, మెడ. మెడ ఎముకలు ఒక్కొక్కటే తెర మీద కిందికి దిగుతున్నాయి. ఏడో ఎముక దగ్గర ఎడమ పక్కన ఒక పొట్టి పక్కటెముక, కొంచెం పైకి వంగి ఉంది.

నేను స్కానింగ్ ఆపలేదు. ఛాతీ వచ్చింది. చేతులు ఛాతీ మీదికి ముడుచుకుని ఉన్నాయి. మంటలో అందరి చేతులూ అలాగే ముడుచుకుంటాయి, దానికి అర్థం లేదని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. కానీ ఆ చేతుల లోపల ఇంకా ఎముకలున్నాయి. సన్నవి, చిన్నవి. పక్కటెముకలు వేలంత. ఒక క్షణం పసిపిల్ల అనుకున్నాను. ఆ తర్వాత కాళ్లు కనిపించాయి. కాలి చివర వేళ్లు లేవు, రెండు గిట్టలు ఉన్నాయి. ముందుకాలు ఒకటి మధ్యలో వంకరగా అతికి ఉంది.

డాక్టర్ కల్లిరోయి నా వెనక నిలబడి ఉందని అప్పుడు గమనించాను.

"ఇది మనిషిది కాదు" అంది తెర మీద వేలుపెట్టి. "మేకపిల్ల. నెలల పిల్ల."

"అవును."

ఆమె నన్ను చూసింది. నేను తెరను చూస్తున్నాను. 

"పూర్తయిందా?"

"పాదాలున్నాయి."

పాదాలు తీశాను. చిత్రాలను ఏడో నంబరు కింద భద్రపరిచాను. బల్లను బయటికి రప్పించి, "ఎనిమిది తీసుకురండి" అని వరండాలోకి కేక వేశాను. ఎనిమిదో సంచి వచ్చేలోపు చేతులు కడుక్కున్నాను. నేను దేన్నీ ముట్టుకోలేదు, అయినా కడుక్కున్నాను.

ఆ తర్వాత ఏడు రోజులు ఆ ఇంట్లో నేను ఎలా తిరిగానో నాకే తెలియదు. నాలుగు కంచాలు వేసేది అత్త. నాలుగో కంచం తీసి కడగకుండానే అరలో పెట్టేదాన్ని నేను. స్తెర్గియోస్ ఊరూరా తిరిగి వచ్చి ఇవాళ ఫలానా చోట ఎవరో చూశారట అని చెప్పేవాడు, నేను "ఊఁ" అనేదాన్ని. రోజులు గడుస్తున్నకొద్దీ అతని ఆశ తగ్గలేదు సరికదా పెరిగింది. రెండు సంచులు తక్కువున్నాయి కాబట్టి ఇద్దరు బతికి ఉంటారని లెక్క వేసుకున్నాడు. వాడు కొండ మేకలాంటివాడు, ఆ ఇద్దరిలో వాడు లేకపోతే ఇంకెవడుంటాడు అన్నాడు. అతని పక్కనే పడుకుని పైకప్పు చూసేదాన్ని.

మిగిలిన సంచుల్లో ఆరింటికి పేర్లు దొరికాయి. డాక్టరమ్మ ఒకరోజు నాతో మామూలుగా అన్నట్టు అంది: "ఏడుకి పాత ఎక్స్‌రే వస్తే ఐదు నిమిషాల పని. ఇంత స్పష్టమైన గుర్తు నేను అరుదుగా చూశాను. రాకపోతే ఆ మనిషి నా దగ్గర పెట్టెలో ఉంటాడు."

ఆదివారం పొద్దున స్తెర్గియోస్ ఇంట్లో లేడు. అత్త బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతోంది. ఊరివైపు కొండ అక్కడి నుంచి కనిపిస్తుంది, నల్లగా. నేను బట్టలు ఆరేస్తున్నాను.

"కోడలా" అంది.

"ఏంటమ్మా?"

"నువ్వు చూశావా?"

నా చేతిలో స్తెర్గియోస్ చొక్కా ఉంది. క్లిప్పు పెట్టాను. "నాకు చెప్పే అధికారం లేదమ్మా."

ఆమె కాఫీ కప్పును పళ్లెంలో పెట్టింది.  లేదు అని చెప్పడానికైతే అధికారం అక్కర్లేదు. అది నాకు అర్థమయ్యేలోపే ఆమెకి అర్థమైంది.

"పెద్దాడు వాడితో మాట్లాడిన తర్వాత నేను మాట్లాడాను" అంది. "నీ ఫోనులోనే. నువ్వు ఆస్పత్రికి పోతూ నాకిచ్చి పోయావు చూడు. దొడ్డి తలుపు తీశావా అన్నాను. తీశాను, అన్నీ పోయాయి అన్నాడు. మరి ఆ కుంటిదో అన్నాను. అది నడవదమ్మా, కిందనే పడుకుంది అన్నాడు. నేను నా చేత్తో పాలుపట్టి పెంచాను దాన్ని. కాలికి కట్టు నేనే కట్టాను. ఎత్తుకురా, ఎంతుంటుంది, పిల్లంత ఉంటుంది అన్నాను. బండిలో కూర్చున్నానే అమ్మా అన్నాడు. దిగు, ఐదు నిమిషాలు, అన్నాను."

ఒక గువ్వ వచ్చి బాల్కనీ ఇనుప చువ్వ మీద వాలి పోయింది.

"సరే అన్నాడు. వాడెప్పుడు కాదన్నాడు గనక."

"ఆయనకి తెలుసా?"

"పెద్దాడికా? ఎలా చెప్పను. నువ్వు చెప్పగలవా?"

ఆమె లేచి గోడ పట్టుకుంటూ లోపలికి పోయింది. సంచి జిప్పు తీసిన చప్పుడైంది. కవరంతా ఇవ్వలేదు. ఒక్క ఫిల్మును బయటికి తీసి, తన తెల్ల చేతిగుడ్డలో చుట్టి, నా చేతిలో పెట్టింది. ఫిల్ము మూల మీద నా చేతిరాతే ఉంది, ఇరవై రెండేళ్ల కిందటిది. అప్పట్లో అక్షరాలు గుండ్రంగా రాసేదాన్ని.

ఆమె ఏడవలేదు. మా మామ పోయిన పద్దెనిమిదేళ్ల నుంచీ నల్లబట్టలే కట్టేది. కొడుకు కోసం మార్చుకోవడానికి అంతకన్నా నల్లనిది ఆమె దగ్గర లేదు. తలగుడ్డను ముడి విప్పి మళ్లీ బిగించి కట్టుకుంది, అంతే.

సోమవారం డాక్టర్ కల్లిరోయి ఫిల్మునూ తెర మీది చిత్రాన్నీ పక్కపక్కన పెట్టింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నివేదిక టైపు చేస్తుంటే నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"డాక్టరుగారూ, ఒక మాట. ఆ మేకపిల్ల సంగతి రాయాలా?"

ఆమె చేతులు ఆగాయి.

"పోయింది మా మరిదే అని తేలిపోయింది. దానికి ఆ ఎముక చాలు. మిగతాది ఎవరికీ అక్కర్లేదు. ఆ ముక్క ఉంటే మా ఇల్లు నిలబడదు."

"ఎందుకు?"

చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"రాకపోతే బాగుండును అనిపించేవి చాలా వస్తాయి ఈ పనిలో. ఒకసారి ఒకటి వదిలేశాను, ఒక తల్లి కోసం. ఆ వదిలేసిన ఎముక ఇంకొకరిదని ఏడాదికి తెలిసింది. అప్పట్నుంచీ ఉన్నది రాస్తాను." గొంతు తగ్గించి, "నీ పేరు ఎక్కడా రాదు. అంతే నేను చేయగలిగింది" అంది.

స్కానింగ్ జరిగిన రోజే ఆ చిత్రాలు తీసేయడం నా చేతిలో పని. ఛాతీ కింది భాగం సరిగా రాలేదని రాస్తే అడిగేవాళ్లు లేరు. కానీ అప్పుడు ఆమె నా వెనకే ఉంది, ఆమె లేకపోయినా చేసేదాన్నో లేదో ఇప్పటికీ తెలియదు.

బుధవారం పోలీసు కచేరీలో నివేదిక చదివి వినిపించారు. స్తెర్గియోస్, నేను వెళ్లాం. తమ్ముడు దొరికాడన్న మాట అతనికి ముందురోజే ఫోనులో చెప్పారు. రాత్రంతా కుర్చీలో కూర్చుని, పొద్దున్నే నీట్‌గా గడ్డం గీసుకుని బయలుదేరాడు. చదివిన అధికారి కుర్రవాడు. తల ఎత్తకుండా ఒకే స్వరంలో చదివాడు. పురుషుడు. వయసు నలభై, నలభై అయిదు మధ్య. మెడ దగ్గర ఎడమ పక్కటెముక, పాత ఎక్స్‌రేతో సరిపోయింది. దొరికిన చోటు ఊరికి దిగువన ఎండిన వాగు, పై మలుపు. ఛాతీకి ఆనుకుని మేకపిల్ల ఎముకలు, కుడి ముందుకాలు విరిగి వంకరగా అతికినది.

"ఆ ముక్క మళ్లీ చదవండి" అన్నాడు స్తెర్గియోస్.

అధికారి మళ్లీ చదివాడు.

"ఇక్కడ సంతకం" అన్నాడు. స్తెర్గియోస్ పెట్టాడు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగాడు.

"వాడికి దాని మీద అంత ప్రేమ లేదు" అన్నాడు. "కోసేద్దామని ఈస్టరుకే అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు."

నేను కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలుసు?"

"పండగ మర్నాడు."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అంటే నేను ఊళ్లమ్మట తిరుగుతుంటే నీకు తెలుసు."

"చెప్పే వీల్లేదు. ఇంట్లో చెప్పొద్దని డాక్టరమ్మ మొదటిరోజే అంది."

"తప్పు పట్టడం లేదు" అన్నాడు. నిజంగానే పట్టలేదు. కారు దాకా నాకు రెండడుగులు ముందు నడిచాడు.

ఇంటికి వచ్చాక తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె వంటింట్లో గోధుమలు ఏరుతోంది, అంత్యక్రియలకి ఉడికించడానికి.

"నువ్వు ఫోన్ చేశావా అమ్మా?"

"చేశాను."

"నా తర్వాత?"

"నీ తర్వాతే."

అతను తల ఊపాడు. పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. ఆ ఇంట్లో ఆ తల్లీకొడుకుల మధ్య నేను విన్న ఆఖరి మాటలు అవే. శనివారం మాంథోస్‌ను పూడ్చిపెట్టేటప్పుడు అందరి ఎదుటా తల్లి మోచేయి పట్టుకుని నడిపించాడు. మాంథోస్ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక, కాలిన ఊరివాళ్లకు ప్రభుత్వం ఇస్తున్న రేకు గదుల్లో ఒకటి తన పేరున రాయించుకుని, పనిముట్లు బండిలో వేసుకుని మవ్రోలిథికి వెళ్లిపోయాడు. "కప్పులు వెయ్యాలి, వడ్రంగులు లేరు" అన్నాడు. అది అబద్ధం కాదు. ఊళ్లో పని ఉంది. ఆదివారాలు మాత్రం పని లేదు. ఆదివారాలు కూడా రాలేదు. ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఏమన్నా కావాలా అని అడిగేవాడు, నూనె ఉందా, గ్యాసుందా. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు అడిగేవాడు కాదు. నన్ను పైకి రమ్మనీ అనలేదు. ఒకసారి నేనే అడిగాను, వచ్చి రెండు రోజులుండనా అని. "ఇక్కడ చలి" అన్నాడు. అప్పుడు సెప్టెంబరు.

డాక్టర్ కల్లిరోయి వెళ్లిపోయేనాటికి తొమ్మిది సంచులకీ పేర్లు దొరికాయి. ఏ సంచిలోనూ తుంటి మేకు లేదు. ఆ వీధిలో ఇళ్లు కూలిన బూడిదను మళ్లీ రెండుసార్లు జల్లెడ పట్టారు, బోలెడు మేకులు దొరికాయి గానీ అవన్నీ దూలాలవి. ప్రొకోపిస్‌కి ఆ మాట చెప్పే పని నాకే పడింది. ఆయన బెంచీ మీద నుంచి లేచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"అయితే ఆ కవరు ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.

"ఉంచితే మంచిది బాబాయ్. రేపెప్పుడైనా దొరికితే..."

"రేపెప్పుడో దొరికితే మళ్లీ తెస్తాను. పెళ్లి ఫోటో పోయింది. కూతురి దగ్గర ఉన్నవాటిలో ఎందులోనూ ఆమె లేదు, ఫోటో అంటే పారిపోయేది. నా దగ్గరున్నది ఇదొక్కటే."

సంతకం పెట్టించుకుని ఇచ్చాను. ఆయన అక్కడే ఫిల్మును తీసి కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. తుంటిని, మేకును, వెన్ను కింది ఎముకల్ని కాసేపు చూసి, "నడుము ఇంత సన్నగా ఉండేదని మర్చిపోయాను" అన్నాడు. మళ్లీ ఆయన రాలేదు.

అక్టోబరు చివర, మొదటి వానలు పడి కొండ మీది బూడిద మా వీధి కాలవల్లోకి దిగిన వారం, ఒక ఉదయం నా గది ముందు వరుసలో మా అత్త కూర్చుని ఉంది. ఇంట్లో నాతో చెప్పలేదు. బస్సెక్కి తనే వచ్చింది. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి, నల్ల తలగుడ్డ, ఒడిలో చేతిసంచి, వంతు కోసం అందరిలాగే చీటీ తీసుకుని.

"మోకాలా?" అన్నాను.

"కాదు. ఛాతీ తియ్యి."

"దగ్గుందా? ఆయాసమా?"

"తియ్యి కోడలా."

డాక్టరు చీటీ లేకుండా తీయకూడదు. తీశాను. తలగుడ్డ విప్పించి, పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకు వంచాను. ఇన్నేళ్లలో ఆమెను అంత దగ్గరగా ముట్టుకున్నది అదే మొదటిసారి. భుజాలు పిట్ట ఎముకల్లా ఉన్నాయి. ఊపిరి బిగబట్టమన్నాను, బిగబట్టింది. వదలమన్నాను.

ఇప్పుడు ఫిల్ములు కడగక్కర్లేదు. చిత్రం వెంటనే తెర మీదికి వచ్చింది. ఆమె చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఏముంది?"

జాగ్రత్తగా చూశాను. గుండె నీడ, ఊపిరితిత్తులు, పక్కటెముకలు ఇటు పన్నెండు, అటు పన్నెండు.

"ఏమీ లేదమ్మా. అంతా శుభ్రంగా ఉంది. ఈ వయసుకి ఇంత బాగా ఉండటం నేను ఎక్కువగా చూడను. డాక్టరైతే ఇంకో పదేళ్లకి ఢోకా లేదంటాడు."

"సరిగ్గా చూడు."

మళ్లీ చూశాను. ఆమె కూడా చూసింది, మొహం తెరకు బాగా దగ్గరగా పెట్టి, కళ్లు చికిలించి, ఆ తెలుపూ నలుపూ మధ్య ఎక్కడో ఒకచోట ఏదో గాయం ఉండి తీరాలన్నట్టు.

"ఏమీ కనబడటం లేదా?" అంది.

"లేదు."

 ఆమె తలగుడ్డ కట్టుకుని, చేతిసంచి తీసుకుని, బయట కూర్చున్నవాళ్లకు అడ్డం లేకుండా గోడ పక్కగా నడిచి బస్సుకి పోయింది. నేను తర్వాతి నంబరును పిలిచాను.